సంయతకేశం: కొప్పు నియమమా, బెదిరింపా?

"జుట్టు విరబోసుకొని తిరిగే స్త్రీ ఇంట లక్ష్మి నిలువదు. కేశములు ముడివేయని కన్యను దుష్టశక్తులు ఆవహిస్తాయి. కొప్పు వీడితే భర్తకు ఆయుఃక్షీణం." ధర్మోపదేశం పేరిట ప్రవచనవేదికల మీదా, వాట్సాప్ సందేశాలలోనూ ఇటువంటి వాక్యాలు నిత్యం ప్రచారమవుతున్నవి. పలికేవారు శాస్త్రం పేరు చెబుతారు. ఏ శాస్త్రం, ఏ ప్రకరణం, ఎవరిని ఉద్దేశించిన విధి అని అడిగితే మాత్రం సమాధానం ఉండదు. వినేవారిలో వృద్ధులు తల ఊపుతారు, యువతులు విముఖులవుతారు. అలా విముఖురాలైన యువతి కొప్పును మాత్రమే విడిచిపెట్టి ఊరుకోదు. సంధ్యాదీపాన్నీ, స్తోత్రపాఠాన్నీ, చివరకు ఉపనిషత్తునూ ఆ బెదిరింపుల మూటలోని వస్తువులుగానే ఎంచి త్యజిస్తుంది. బోధకులు గణించని నష్టం ఇది.

కేశబంధనం ఉత్తమమైన నియమం. దానిని సమర్థించడానికి భయం అనవసరం. అంతేకాదు, భయంతో సమర్థించడం ఆ నియమానికే అపచారం. ఈ రెండు మాటలూ శాస్త్రముఖంగానే నిరూపించదగినవి.

ముడి ఎవరికి విధించబడినది?

కొప్పునకు సంస్కృతంలో ధమ్మిల్లమని పేరు. ఆ పదానికి అర్థం చెబుతూ అమరసింహుడు కేశములకు వాడిన విశేషణం 'సంయతములు' అన్నది. సమ్ అనే ఉపసర్గతో కూడిన యమ ధాతువు నుండి పుట్టిన మాట అది. యోగసూత్రాల విభూతిపాదంలో ధారణ, ధ్యానం, సమాధి అనే మూడింటిని కలిపి పతంజలి పెట్టిన పేరు సంయమం. ధాతువు ఒక్కటే. ఇది కేవలం శబ్దసామ్యమని తోసివేయవచ్చు. కానీ ఆచారం ఆ సామ్యాన్ని శబ్దంతో ఆపలేదు. సంధ్యోపాసనకు కూర్చునే ద్విజుడు గాయత్రితో శిఖను ముడివేసుకొనవలెనని విధి. చిత్తాన్ని ఏకాగ్రం చేయబోయే ముందు చేతితో కేశాన్ని ఏకత్ర చేయుట అక్కడి క్రమం. చెదరినది కూడవలెనన్న సంకల్పం మొదట శరీరంలో ఆరంభమవుతుంది.

ఈ శిఖాబంధనవిధి ప్రథమంగా వినిపించినది పురుషునికి. ఉపవీతం లేక, శిఖ ముడివేయక చేసిన కర్మ చేయనట్లేనని కాత్యాయనస్మృతి తీర్పు. స్నానం, దానం, జపం, హోమం, దేవతార్చన అన్నింటికీ ఈ నియమం వర్తిస్తుంది. మరి నేడు స్త్రీల కేశాలను గూర్చి అధికారపూర్వకంగా తీర్పులిచ్చే గృహస్థుల శిరస్సుల మీద ఆ శిఖ ఎక్కడ? క్షురకుని కత్తెరకు దానిని ఎప్పుడో అప్పగించినవారు, సంధ్యావందనాన్ని సెలవుదినానికి వాయిదా వేసినవారు, కుమార్తె జడ వదులైనదని శాస్త్రం వల్లించడం ఎంత వింత! తనకు విధించిన నియమాన్ని తాను వదలి, దానినే పరులకు దండంగా మార్చేవానిని ఆచార్యుడని ఏ సంప్రదాయమూ అనదు. ఆచరించి చూపేవాడు గనుకనే ఆచార్యుడు.

వేదవాఙ్మయం చూచినా ఇదే స్పష్టమవుతుంది. గవ్వవలె చుట్టలు తిరిగిన జటాబంధం కలవాడు గనుక రుద్రుడు కపర్ది. ఋగ్వేదం ఏడవ మండలంలో వసిష్ఠగోత్రీయులు కుడివైపు కేశబంధం కలవారుగా వర్ణితులు. పదవ మండలంలోని ఒక మంత్రంలో నాలుగు జడల యువతి కనిపిస్తుంది. వివాహసూక్తంలో వధువు శిరోలంకారం ప్రస్తావన ఉన్నది. అక్కడ కేశబంధం ఋషికీ, దేవతకూ, కన్యకూ సమానంగా భూషణం. ఇతిహాసంలో గంగానది ఒడ్డున గుహుడు తెచ్చిన మఱ్ఱిపాలతో రామలక్ష్మణులు జటలు కట్టుకున్నారు. రాజ్యం వదలి వనవ్రతం స్వీకరించిన క్షణానికి గుర్తుగా ఆదికవి చూపినది ఆ కేశబంధనమే. నందిగ్రామంలో భరతుడూ జటాధారియై పాదుకలను సేవించాడు. వ్రతంలో ఉన్నవారు కేశాన్ని బంధిస్తారు. స్త్రీపురుషభేదం ఆ సూత్రంలో లేదు.

విడిన కేశం పలికే భాష

అయితే జుట్టు విరబోసుకోవద్దని తెలుగింటి పెద్దలు మందలించడం నిర్మూలమా? కాదు. బంధువు మరణించినపుడు కేశములు విరబోసుకొని, ధూళి చల్లుకొని, ఏకవస్త్రులై, దక్షిణాభిముఖులై నీట మునిగి ఉదకదానం చేయవలెనని ఆపస్తంబ ధర్మసూత్రం విధించినది. తెలుగుదేశపు వైదిక కుటుంబాలలో అధికభాగం ఆపస్తంబులే. విడిన జుట్టు వారి ఇళ్లలో శోకచిహ్నం, ఆశౌచచిహ్నం. శుభవేళ ఆ చిహ్నం కంటబడితే వృద్ధుల మనస్సు కలుక్కుమనడం సహజం. అందులో ఆర్ద్రత ఉన్నది, అర్థం ఉన్నది. దయ్యాలు లేవు. ఆ అర్థాన్ని వివరించి చెప్పే ఓపిక నశించిన తరువాతనే దయ్యాలు ప్రవేశించినవి.

విడిన కేశం శోకాన్ని మాత్రమే పలకదు. అశోకవనంలో జానకి ఏకవేణీధర. అలంకరణ లేని ఆ ఒంటిజడ భర్తృవియోగంలోని ఆమె వ్రతనిష్ఠకు గుర్తు. కురుసభలో దుశ్శాసనుడు ఈడ్చిన ద్రౌపది కేశములు రాజసూయపు అవభృథజలంతో, మంత్రపూతంగా తడిసినవని వ్యాసుడు ప్రత్యేకించి స్మరించాడు. యజ్ఞపత్ని పవిత్రకేశం చెదరినది. దోషమెవరిది? జుట్టు విడినందున ఆమె అలక్ష్మి అయినదని వ్యాసుడు అనలేదు. పట్టిన చేతిదే పాపమని కురుక్షేత్రం తీర్పు చెప్పినది. ఉద్యోగపర్వంలో సంధికి బయలుదేరిన శ్రీకృష్ణునికి ఆమె తన కేశపాశాన్నే చూపినది. ప్రతీకారం తీరే వరకు కొప్పు ముడవనన్న శపథాన్ని కథకు ప్రాణంగా చేసి భట్టనారాయణుడు వేణీసంహారనాటకం రచించాడు. ముద్రారాక్షసంలో చాణక్యుని విడిన శిఖ కూడా ప్రతిజ్ఞకే సంకేతం. ఆమె వేణి, అతని శిఖ ఒకే భాష మాట్లాడినవి. ఈ భాష తెలియనివారు మాత్రమే విడిన కేశాన్ని చూడగానే శీలాన్ని శంకిస్తారు.

అర్థవాదాన్ని విధిగా భ్రమించడం

ఇక్కడ పూర్వపక్షి ప్రశ్నిస్తాడు: "గ్రంథాలలో నిందావాక్యాలు ఉన్నవి కదా? అనర్థాలు చెప్పబడినవి కదా? అవన్నీ అబద్ధాలా?"

సమాధానం మీమాంసలో సిద్ధంగా ఉన్నది. వాక్యాలలో విధి వేరు, అర్థవాదం వేరు. తైత్తిరీయశాఖలో ప్రసిద్ధోదాహరణం ఒకటి కలదు. రుద్రుడు రోదించాడు, ఆ అశ్రువు వెండి అయినది, కనుక బర్హిస్సుపై వెండిని దక్షిణగా ఇస్తే సంవత్సరంలోపు ఆ ఇంట రోదనం కలుగుతుంది అని. మీమాంసకులు దీనిని లోహోత్పత్తిచరిత్రగా గ్రహించలేదు, శాపంగానూ గ్రహించలేదు. ఆ సందర్భంలో వెండిని ఇవ్వరాదన్న నిషేధానికి బలం చేకూర్చే అర్థవాదంగా నిర్ణయించారు. నింద ప్రవృత్తమయ్యేది నింద్యాన్ని దూషించడానికి కాదు, విధేయాన్ని ప్రశంసించడానికే అన్నది వారి న్యాయం. ఈ న్యాయం తెలియనివాడు అర్థవాదాన్ని అక్షరార్థంగా పట్టుకొని, విధిని మరచి, కేవలం భయాన్ని పంచుతాడు. పరీక్షలో తప్పిన బాలికతో "నీ విరబోసిన జుట్టే కారణం" అనే బంధువు చేస్తున్నది అదే. ఆ బాలికకు కావలసినది మరొక పాఠం, మరికొంత ధైర్యం. ఆమెకు దక్కినది అపరాధభావం.

మీమాంస మరొక విభజన కూడా చేసినది: క్రత్వర్థం, పురుషార్థం. కర్మకు అంగమైనది క్రత్వర్థం. శిఖాబంధనం విధించబడినది జపహోమాది కర్మల అంగంగా. ఈ దృష్టితో చూస్తే కేశబంధనం ఆ పనిలో నిమగ్నులైన వారి నియమం. అర్చనకు కూర్చున్న స్త్రీ కొప్పు ముడవవలెను, అర్చకుడు శిఖ ముడవవలెను. అర్చన ముగిసి, తలంటుకొని, ఎండలో జుట్టు ఆరబెట్టుకుంటున్న స్త్రీని పట్టుకొని అదే వాక్యాన్ని ప్రయోగించడం ప్రకరణజ్ఞానం లేకపోవడమే. సన్న్యాసాశ్రమంలో అద్వైతసంప్రదాయపు ఏకదండులు శిఖాయజ్ఞోపవీతాలనే విసర్జిస్తారు. కర్మాధికారం తొలగినచోట కర్మాంగమూ తొలగినది. ముడి శాశ్వతసత్యమైతే పరమహంసలు దానిని తీసివేసేవారు కారు.

భయం ఎంతదూరం పోయినది

భయబోధ నిరపాయమైనదని, "పోనీ, ఆ భయంతోనైనా పాటిస్తారు కదా" అని సమర్థించేవారు చరిత్రను చూడవలెను. స్కాందపురాణాంతర్గత కాశీఖండంలో విధవ కొప్పు ముడిస్తే అది మరణించిన భర్తకు బంధనమవుతుందన్న భావం కనిపిస్తుంది. దానిని ఆధారం చేసుకొని శిరోముండనం నిర్బంధమైనది. మనుస్మృతి పంచమాధ్యాయం విధవకు కఠినమైన బ్రహ్మచర్యాన్ని చెప్పినది గాని ముండనాన్ని విధించలేదు. వేదంలోగాని, గృహ్యసూత్రాలలోగాని ఈ విధి లేదని పాండురంగ వామన కాణే తన ధర్మశాస్త్రచరిత్రలో సవిస్తరంగా చర్చించారు. అయినా పసిప్రాయపు విధవల శిరస్సులు క్షురకుని ముందు వంగినవి. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతువివాహం జరిపించవలసి వచ్చిన సమాజం అది.

ఈ రెండు భయాలను పక్కపక్కన ఉంచితే వాటి స్వరూపం బయటపడుతుంది. సువాసిని కొప్పు విప్పితే భర్తకు ఆపద. విధవ కొప్పు ముడిస్తే భర్తకు బంధం. విప్పినా దోషం, ముడిచినా దోషం. కారణం మాత్రం ఎప్పుడూ స్త్రీ శిరస్సే. కర్మసిద్ధాంతం ప్రకారం జీవుడు తాను చేసిన కర్మఫలాన్ని తానే అనుభవిస్తాడు. ఒకరి ఆయుఃప్రమాణం మరొకరి జడముడిలో ఉన్నదనడం ఆ సిద్ధాంతానికే గొడ్డలిపెట్టు. కర్మసిద్ధాంతాన్ని నమ్మేవారు ఈ మాటను ఖండించవలసినది.

విజ్ఞానవేషం ధరించిన భయం

పాతభయం చదువుకున్నవారి ముందు చెల్లడం లేదని గ్రహించిన కొందరు దానికి కొత్తవేషం తొడిగారు. కేశములు విశ్వశక్తిని గ్రహించే యాంటెన్నాలట! కొప్పు శిరోమధ్యంలో లేకపోతే బ్రహ్మరంధ్రం ద్వారా శక్తి కారిపోతుందట! చర్మం వెలుపలికి వచ్చిన వెంట్రుక నిర్జీవమైన కెరటిన్ పోగు. అందులో నాడి లేదు, రక్తం లేదు. కత్తిరిస్తే నొప్పి కలుగకపోవడమే అందుకు ప్రత్యక్షప్రమాణం. తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో కేశమూలం విడివడే చోట, శిరఃకపాలాలను భేదించుకొని పోయే మార్గం ఇంద్రయోని అని చెప్పబడినది. అక్కడ కేశప్రస్తావన ఆ స్థానాన్ని గుర్తించడానికే. శక్తిని మోసే తీగగా వెంట్రుకను ఉపనిషత్తు వర్ణించలేదు. శ్రుతిలో లేనిదాన్ని శ్రుతికి అంటగట్టి, విజ్ఞానంలో లేనిదాన్ని విజ్ఞానానికి అంటగట్టడం వల్ల రెండింటికీ అప్రతిష్ఠ.

ముడి ఎందుకు, ఎట్లా

ఇంతకూ కొప్పు అవసరమా? అవసరమే. దాని ప్రయోజనం కంటికి కనబడుతూనే ఉన్నది. నైవేద్యం వండేవేళ వెంట్రుక అన్నంలో పడరాదు. కుందిలో వత్తి ఎగదోయడానికి వంగినపుడు, హోమగుండంలో ఆజ్యం వేల్చేటపుడు దీర్ఘకేశం జ్వాలకు అందరాదు. పారాయణమధ్యంలో పదేపదే ముఖం మీది జుట్టు సవరించుకొనే చేతికి పుస్తకం మీద నిలకడ ఉండదు. దీర్ఘకేశి అయిన స్త్రీకి ఈ మూడింటికీ ఒక్కటే ఉపాయం: జుట్టును ఒక్కటిగా మెలిపెట్టి, మొదలు చుట్టూ చుట్టి, కొసను చుట్టలోనికి దోపి, పిన్నులతో నిలపడం. పిన్ను చుట్టనూ, శిరస్సును అంటిన జుట్టునూ కలిపి పట్టవలెను. పై చుట్టను మాత్రమే పట్టిన పిన్ను సాష్టాంగం చేయగానే జారిపోతుంది. అలా నిలిపిన ముడి గంటసేపటి పారాయణలో ఒక్కసారి కూడా గుర్తుకు రాదు. గుర్తుకు రాకపోవడమే దాని సార్థకత.

బిగువుకూ హద్దు ఉన్నది. కణతలు లాగేటంత బిగించి రోజుల తరబడి ఉంచితే తలనొప్పి కలుగుతుంది. కాలక్రమాన కుదుళ్లు బలహీనమై నుదుటి అంచున జుట్టు ఊడిపోతుంది. తడిజుట్టును ముడిచి ఉంచడమూ మంచిది కాదు. ఆహారవిహారాలలో, నిద్రాజాగరణలలో యుక్తతనే యోగంగా గీత ఆరవ అధ్యాయం బోధించినది. వదులుగా వ్రేలాడనిదీ, బాధించేటంత బిగియనిదీ అయిన ముడి ఆ యుక్తతకు నిత్యం చేతికి అందే ఉదాహరణ.

ఈ వివరణ వినకుండానే, కొప్పును స్త్రీదాస్యచిహ్నమని కొట్టివేసే వర్గం మరొకటి ఉన్నది. వారి ఆగ్రహానికి హేతువు ఉన్నదని పై చరిత్రే చెబుతున్నది. కానీ సంప్రదాయంలో కొప్పు దాస్యానికే పరిమితమా? శ్రీవిల్లిపుత్తూరులో గోదాదేవి స్వామికి సిద్ధమైన మాలను ముందు తన కొప్పున తురుముకొన్నది. తండ్రి విష్ణుచిత్తుడు అపచారమని కలత చెందగా, ఆమె ముడిచి విడిచిన మాలయే తనకు ఇష్టమని స్వామి పలికాడు. శ్రీకృష్ణదేవరాయలు ఆ కథను తెలుగు కావ్యంగా రచించి ఆముక్తమాల్యద అని పేరు పెట్టాడు. కేశస్పర్శ మైలగా కాక ప్రసాదంగా మారిన కథ ఇది. లలితాసహస్రనామం దేవిని నీలచికుర అని పిలిచినది. మహిషాసురమర్దిని రమ్యకపర్దిని. కాళి ముక్తకేశి. ఉపాసకుడు ముడిచిన కొప్పు గల దేవికీ, విరబోసిన కేశముల దేవికీ ఒకే వినయంతో నమస్కరిస్తాడు.

కేశమే లేని స్త్రీ మాటేమిటి? కర్కటవ్యాధి చికిత్సలో జుట్టు రాలిపోయిన గృహిణి పూజామందిరం గడప వద్ద ఆగిపోవడం, పేరంటానికి పిలుపు అందక ఇంట కూర్చోవడం ఈ బోధల ఫలితమే. కొప్పే మంగళమని నూరిపోసిన నోళ్లు ఆమెకు ఏమి చెబుతాయి? తిరుమల కల్యాణకట్టలో పురుషులే కాక స్త్రీలు కూడా తలనీలాలు సమర్పించి, ముండితశిరస్సుతోనే శ్రీనివాసుని సన్నిధికి పోతారు. స్వామి వారిని అమంగళులని వెలుపల నిలపలేదు. శివాలయంలో నిత్యం వినబడే నమకం ఐదవ అనువాకంలో రుద్రుడు కపర్ది, వెనువెంటనే వ్యుప్తకేశుడు, అనగా ముండితుడు. రెండు రూపాలూ ఆయనవే, రెండింటికీ ఒకే నమస్కారం. ఆ అనువాకం కంఠస్థమైనవారి ఇంట జుట్టులేని స్త్రీకి పూజలో చోటు లేకపోతే, పఠించినది కంఠం మాత్రమే.

కనుక బోధించే విధానం మారవలసినది. తండ్రి ముందు తన సంధ్యను తాను చేయవలెను. తల్లి తన కొప్పు తాను ముడిచి దీపం ముందు కూర్చోవలెను. పిల్ల అడిగినపుడు కారణం చెప్పవలెను: అగ్ని ఉన్నది, అన్నం ఉన్నది, మనస్సు నిలపవలసిన పని ఉన్నది అని. పూజ ముగిసిన తరువాత ఆమె జడ వేసుకున్నా, జుట్టు వదులుకున్నా దానిని శీలంతో ముడిపెట్టకూడదు. సంధ్యవేళ పిల్లతో అనవలసిన మాట చిన్నది: "దీపం పెట్టబోతున్నాం, జుట్టు ముడుచుకొని రా తల్లీ." దానికి దయ్యాన్ని గాని, దరిద్రాన్ని గాని, భర్త ఆయుస్సును గాని జతచేయనక్కరలేదు.